రెండు వేళ్లతో తోస్తే వెళ్లాలి

నేరుగా పోతున్నంతసేపు పడవలో తేడా ఏమీ తెలియలేదు. స్టీరింగ్ కుడికో ఎడమకో తిప్పితే మాత్రం వెనకనుంచి గరగర, తిరగలిలో గులకరాయి పడ్డట్టు. "ఏమండీ, పోయినవారం ఈ చప్పుడు లేదు కదా" అంది మా ఆవిడ. పోయినవారం కూడా ఉంది. నేను పట్టించుకోలేదు, అంతే. తెలియని పని ఎదురైతే మొదట చెవులు మూసుకోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు. ఆ అలవాటు గురించే ఈ వ్యాసం. పడవ సంగతి అందులో భాగంగా వస్తుంది.

మేము అట్లాంటాకు ఉత్తరాన ఉంటాం. చట్టాహూచీ నదికి అడ్డంగా బ్యూఫర్డ్ ఆనకట్ట కడితే 1950లలో ఏర్పడిన లేనియర్ సరస్సు మాకు దగ్గర. సుమారు 38,000 ఎకరాల నీరు. వేసవి శనివారాల్లో అక్కడ తెలుగు మాట వినపడని రేవు ఉండదు. మాది పంతొమ్మిది అడుగుల పాత పడవ, చేతులు మారి మా దగ్గరికి వచ్చింది. వెనక ఉన్నది స్టెర్న్ డ్రైవ్.

ఈ స్టెర్న్ డ్రైవ్ అన్నది ఏమిటో చెప్పకపోతే నా భయం మీకు అర్థం కాదు. జిమ్ విన్ ఆలోచనతో 1959లో వోల్వో పెంటా 'ఆక్వామాటిక్' పేరుతో దీన్ని బజారులోకి తెచ్చింది. 1961లో మెర్‌క్రూజర్ వచ్చింది. ఇంజను పడవ లోపల, కారులో ఉన్నట్టే ఉంటుంది. నీటిని తోసే ప్రొపెల్లరు, దాని గేర్లు ఉన్న కాలు బయట వేలాడుతుంది. లోపలి శక్తి బయటికి రావాలంటే పడవ వెనక గోడకు రంధ్రం ఉండాలి. ఆ రంధ్రం నీటిమట్టానికి కింద ఉంటుంది. బయటి కాలు పక్కలకు తిరగాలి, పైకీ కిందికీ లేవాలి కాబట్టి ఆ రంధ్రాన్ని బిగుతుగా మూయడం కుదరదు. హార్మోనియం తిత్తిలా ముడతలు పడిన రబ్బరు గొట్టం ఒకటి దాన్ని కాస్తుంది. దాన్నే బెల్లోస్ అంటారు. అది చిరిగితే ముందు లోపల తిరిగే ఇరుసును మోసే గింబల్ బేరింగ్‌కు నీళ్లు తగిలి తుప్పు పడుతుంది, చప్పుడు మొదలవుతుంది. ఇంకా చిరిగితే రేవులో కట్టేసిన పడవ కట్టేసినచోటే మునిగిపోతుంది.

అంటే కుళాయి వాషరు మార్చడం లాంటి పని కాదిది. తప్పు చేస్తే నేనూ, నా పిల్లలూ ఎక్కే పడవలోకి నీళ్లొస్తాయి.

ఒక షాపువాళ్లు రెండు వేల డాలర్ల పైమాటే చెప్పారు, ఆరు వారాలు ఆగమన్నారు. నేనే చేద్దామనుకోవడానికి డబ్బు ఒక కారణమే. అసలు కారణం వేరే. "దానికి మనిషిని పిలుద్దాం" అనే మాట మా ఇంట్లో నేను పుట్టకముందునుంచీ ఉంది. చదువుకున్నవాడి చేతికి మసి అంటకూడదన్నది ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న పాఠం. లెక్కలు వచ్చు, బలాలు వచ్చు, కాలేజీలో బేరింగ్ బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. బేరింగ్‌ను చేత్తో పట్టుకున్నది మాత్రం నలభై నాలుగో ఏట. మనలో చాలామందికి ఆత్మవిశ్వాసం తక్కువ కావడానికి తెలివి తక్కువ కావడం కారణం కాదని నేను గట్టిగా నమ్ముతాను. తెలిసినదాన్ని చేతిదాకా తెచ్చుకోకపోవడమే కారణం.

మావాళ్లలో దీనికి మినహాయింపు ఒక్కరే, రాజోలు దగ్గర ఉండే మా మేనమామ. పొలానికి నీళ్లు తోడే ఆయిల్ ఇంజను మొరాయిస్తే తనే విప్పేవాడు. ముందు పాత పంచె పరిచేవాడు. విప్పిన ఒక్కొక్క ముక్కనీ విప్పిన వరసలోనే ఎడమనుంచి కుడికి పెట్టేవాడు. "బిగించడమంటే ఏముందిరా, వచ్చిన దారిన వెనక్కి నడవడమే. దారి చెరిపెయ్యకు, చాలు" అనేవాడు. అప్పట్లో అది ఇంజను గురించి చెప్పిన మాట అనుకున్నాను.

రెండు వారాలు మాన్యువల్ చదివాను. చదివిన కొద్దీ ధైర్యం వస్తుందనుకుంటాం గానీ, మొదటి వారం భయమే పెరిగింది. ప్రతి పేజీలోనూ కొత్త పనిముట్టు, కొత్త హెచ్చరిక. అప్పుడు ఒక పని చేశాను. మీరు ఏ కష్టమైన పని మొదలుపెట్టినా ఇది పనికొస్తుంది. మొత్తం పనిని కాయితం మీద రాసి, ప్రతి మెట్టు పక్కనా ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇక్కడినుంచి వెనక్కి రావచ్చా? ఆరు నట్లు విప్పి బయటి కాలును, అంటే డ్రైవును, దించడం: వెనక్కి రావచ్చు, మళ్లీ బిగిస్తే సరి. డ్రైవును పట్టి ఉంచే బెల్ హౌసింగును విప్పడం: రావచ్చు. పాత బేరింగ్‌ను లాగెయ్యడం: రాలేను, లాగినది మళ్లీ పనికిరాదు. ఇరవై మెట్లలో నిజంగా వెనక్కి రాలేనివి రెండే తేలాయి. నా భయమంతా ఇరవై మెట్ల మీద సమానంగా పరుచుకుని ఉంది. కాయితం దాన్ని ఆ రెండు చోట్లకు కుదించింది. ఆ రెండింటి దగ్గరికి వచ్చేసరికి కొత్త సామాను చేతిలో ఉండాలని, పగటి వెలుగు ఉండాలని, ఒంట్లో ఓపిక ఉండాలని నియమం పెట్టుకున్నాను.

ఇంకో గీత కూడా గీసుకున్నాను. గేర్ల పెట్టె లోపలికి వెళ్లను. అక్కడ సందులు వెంట్రుకవాసి కొలతల్లో సరిచేయాలి, దానికి అనుభవం కావాలి. మొదటిసారి చేసేవాడు ఎక్కడిదాకా వెళ్లాలో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడమూ అంతే.

శనివారం పొద్దున ఇంటిముందు ట్రైలర్ మీదే పని మొదలైంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. మాన్యువల్ దాని చేతికిచ్చి, నేను ఏది చేసినా ముందు ఆ మెట్టు పైకి చదవమన్నాను. మొదటి నట్టుకు పానా తగిలించానో లేదో, "నాన్నా, ముందు ఫార్వర్డ్ గేరులో పెట్టమని ఉంది. పెట్టావా?" అంది. పెట్టలేదు. రెండు వారాలు చదివినవాడు మొదటి నిమిషంలోనే మరిచిపోయాడు. గేరు సరిగా పడకుండా డ్రైవును లాగితే గేరు మార్చే లంకె దెబ్బతింటుంది. ఆ క్షణాన నాకు ఒక సంగతి స్పష్టమైంది: కొత్త పనిలో జ్ఞాపకాన్ని నమ్మకూడదు. పక్కన చదివే మనిషి ఉంటే అది చిన్నతనం కాదు. విమానం నడిపేవాళ్లు ఏళ్ల అనుభవం ఉన్నా చెక్‌లిస్టు చదువుకునే ఎగురుతారు.

డ్రైవు ఒక్కరు మోయగలిగే బరువు కాదు. ఇంజను లేపే హాయిస్టు అద్దెకు తెచ్చి, నెమ్మదిగా వెనక్కి లాగాం. ముడతల గొట్టం కింది మడతలో చిరుగు కనపడింది, గోటితో గీసినంత సన్నం. వారాల తరబడి నేను విననట్టున్న చప్పుడుకు మూలం అంతే ఉంది. లోపల బేరింగ్‌ను వేలితో తిప్పితే ఇసకలో తిరుగుతున్నట్టుంది.

ఆ బేరింగ్ రాలేదు. మూడు కొక్కేల పుల్లరు తగిలించి, దాని సుత్తి బరువును వెనక్కి లాగి కొడుతూనే ఉన్నాను. గంటన్నర. చివరికి కోపంతో కొడుతున్నానని నాకే తెలిసింది. కోపంతో కొట్టే దెబ్బ వంకరగా పడుతుంది, బేరింగ్ కూర్చున్న ఇల్లే పగలవచ్చు. ఆపేసి, స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాను. తెల్లారి మూడు దెబ్బలకు వచ్చేసింది. రాత్రికి రాత్రి తుప్పు కరగలేదు. ముందురోజు వేసిన నూనె నానింది, నా చెయ్యి నిదానించింది. రెండూ కారణాలే.

కొత్త బేరింగ్‌ను తిన్నగా లోపలికి దింపుతుంటే సుత్తి చప్పుడు మొద్దుగా ఉండి, సరిగ్గా కూర్చోగానే గట్టిగా ఖణేల్‌మంది. ఆ తేడా ఏ పుస్తకం చదివినా తెలిసేది కాదు. కొత్త బెల్లోస్‌కు జిగురు పూసి, వేలికి అంటుకోనంతగా ఆరేదాకా ఆగి, పై గుర్తు పైకే ఉండేలా ఎక్కించి బిగించాం.

ఇక మిగిలింది అలైన్‌మెంట్. పొడవాటి ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని బయటినుంచి బేరింగ్‌లోంచి తోస్తే, లోపల ఇంజనుకున్న కప్లర్ పళ్లలోకి తేలిగ్గా జారాలి. రెండు వేళ్లతో తోస్తే వెళ్లాలని నియమం. బలవంతంగా వెళ్తే ఇంజనూ డ్రైవూ ఒక గీతలో లేవని అర్థం. అలా నడిపితే కప్లర్ పళ్లు అరిగిపోతాయి, అది మార్చాలంటే ఇంజనునే పైకి తియ్యాలి.

ఆదివారం రాత్రి ఎనిమిదైంది. కడ్డీ వెళ్లింది. కానీ రెండు వేళ్లతో కాదు, అరచేత్తో నొక్కితే వెళ్లింది.

ఆ నిమిషం గురించి నేను తర్వాత చాలా ఆలోచించాను. నడుం విరిగిపోతోంది. మర్నాడు ఆఫీసు. "వెళ్లింది కదా" అని లోపలినుంచి ఒక గొంతు. ఆ గొంతు నా బద్ధకంలా మాట్లాడలేదు, నా ఆత్మవిశ్వాసంలా మాట్లాడింది: ఇంత చేశావు, నీ చేతిమీద నమ్మకం ఉంచుకో అంది. వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ముందు నిన్ను నువ్వు నమ్ముకో అంటాయి. ఆ రాత్రి నన్ను నేను నమ్ముకుని ఉంటే పని చెడేది. నమ్మాల్సింది కడ్డీని. నేను అలసిపోతాను, ఆశపడతాను, సర్దుకుంటాను. కడ్డీకి అవేవీ లేవు. ఆత్మవిశ్వాసం అనే మాటకు నాకిప్పుడున్న అర్థం ఇది: నాకు నచ్చని జవాబు చెప్పే కొలత ముందు నిలబడి, దాని మాట విని, మళ్లీ మొదలుపెట్టగలనన్న నమ్మకం. అంతకు మించిన అర్థం ఉందనుకోను.

లైట్లు ఆపేసి లోపలికి వెళ్లాను. సోమవారం సాయంత్రం కడ్డీ కొసకు గ్రీజు రాసి లోపలికి తోసి బయటికి తీశాం. కప్లర్ పళ్ల అచ్చు ఒకవైపే లోతుగా పడింది. అది చూసి ఇంజను ముందు కాళ్ల దగ్గర నట్లను కొద్దికొద్దిగా తిప్పుతూ ఇంజను ముక్కును ఎత్తాం, దించాం. ప్రతిసారీ కడ్డీ, ప్రతిసారీ గ్రీజు అచ్చు. మా అమ్మాయి లెక్క రాసింది. పదకొండోసారి అచ్చు చుట్టూ సమానంగా పడింది. "నువ్వు తొయ్యి అమ్మలూ" అన్నాను. రెండు వేళ్లతో తోసింది. వెళ్లింది.

మిగిలినవి త్వరగానే అయ్యాయి: నీటి పంపు ఇంపెల్లరు కొత్తది వేశాం, ఆరు నట్లను టార్క్ రెంచితో 50 ఫుట్ పౌండ్లకు బిగించాం, గేర్ ఆయిల్‌ను కిందినుంచి పైకి నింపాం.

తర్వాతి శనివారం రేవు దగ్గర ట్రైలర్‌ను నీళ్లలోకి దింపి, పడవను ట్రైలర్‌నుంచి విప్పకుండానే అడుగుపలక తీసి టార్చిలైటు పెట్టి పావుగంట చూశాను. తర్వాత నాలుగు నిమిషాలు ఇంజను గదిలోని ఆవిరిని బయటికి తోసే బ్లోయరు నడిపి, ఇంజను మొదలుపెట్టాను. సరస్సు మధ్యలో స్టీరింగ్‌ను పూర్తిగా కుడికి తిప్పాను, పూర్తిగా ఎడమకు తిప్పాను. మా ఆవిడ చెవి అటే పెట్టింది. ఇంజను మోత తప్ప మరేం లేదు.

అక్టోబరులో పడవను ఒడ్డుకు తెచ్చి డ్రైవును మళ్లీ దించాం. గొట్టం లోపల పొడిగా ఉంది. మా అమ్మాయి కడ్డీ తీసుకుని రెండు వేళ్లతో తోసింది. వెళ్లింది.