ఆడపంది ఎందుకు చూలు కట్టలేదు? జవాబు తెలిసినవారికి కొలువుంది

వెటర్నరీ చదివే పిల్లల్లో చాలామంది ఆవు, గేదె, కుక్క దగ్గరే ఆగిపోతారు. పందుల ఫారంలో ఉద్యోగమంటే ఇంట్లో ఒప్పుకోరు, కొందరికి తమకే నామోషీ. కానీ పశువుల పునరుత్పత్తి మీద నిజంగా ఆసక్తి ఉంటే ఇంతకంటే మంచి బడి దొరకదు. ఆడపంది సూడికాలం సుమారు 114 రోజులే. మీరు చేసిన పని ఫలించిందో లేదో నాలుగు నెలల్లోపే తేలిపోతుంది.

ఫారం యజమాని అడిగేది ఒకటే: ‘ఈ పంది ఎందుకు నిలవలేదు?’ జవాబు రికార్డు పుస్తకంలోంచే వెతకాలి. ఒక పంది దాటించిన 21 రోజులకు మళ్లీ ఎదకొచ్చింది, ఇంకొకటి 28 రోజులకు వచ్చింది అనుకుందాం. రెండూ తిరిగి పొర్లినవే, కారణాలు మాత్రం వేరు. మొదటిదానిలో ఫలదీకరణే జరిగి ఉండకపోవచ్చు. అంటే ఎద గుర్తించిన సమయాన్ని, వీర్యం నాణ్యతను అనుమానించాలి. రెండోది బహుశా చూలు కట్టి పోగొట్టుకుంది. దాటిన సుమారు 12 రోజులకు పిండాలు తల్లికి తమ ఉనికి తెలిపే సంకేతం పంపుతాయి. అది అందాక పిండాలు చనిపోతే ఎద ఆలస్యంగా, లెక్క తప్పి వస్తుంది. అప్పుడు జబ్బు, ఎండ దెబ్బ, గుంపు మార్చినప్పటి కొట్లాటలు, ఇలా ఒక్కొక్కటీ ఆరా తీయాలి. ఇంత వివరంగా చెప్పగలిగిన కుర్రాణ్ని ఏ మేనేజరూ వదులుకోడు.

తల్లి శరీరంలోని ముప్పులు కూడా తెలిసుండాలి. తొలి ఈత పందులకు పిల్లలు తక్కువ. పాలిచ్చే రోజుల్లో మేత చాలక చిక్కిపోయినవి, పాలు మాన్పించిన వారంలోపు రావలసిన ఎదకు రావు. ఆరేడు ఈతలు దాటినవాటిలో చచ్చి పుట్టే పిల్లలు ఎక్కువవుతాయి. మరీ కొవ్వు పట్టినవి ఈనడానికి కష్టపడతాయి. నీళ్లు సరిగా తాగని పందులకు మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ వచ్చి, అది గర్భసంచికి పాకే ప్రమాదం ఉంది.

మన దగ్గర రెండు విషయాలు మరీ ముఖ్యం. పందికి చెమట దాదాపు పట్టదు కాబట్టి ఏప్రిల్, మే ఎండలకు ఎద దాటిపోతుంది. మగపంది వీర్యంపై ఆ దెబ్బ వారాల తరబడి ఉంటుంది. రెండోది బూజు పట్టిన మొక్కజొన్న. అందులోని జీరలెనోన్ అనే విషం వల్ల ఎదకు రాని పడ్డల్లో కూడా యోని వాచి ఎదలాగే కనిపిస్తుంది. అనుభవం లేనివాళ్లు అది చూసి ఇంజక్షన్లు మొదలుపెడతారు. ముందు దాణా బస్తాలో చెయ్యి పెట్టి చూడండి.

ఒకే ఈతలో ఎండి ముడుచుకుపోయిన పిల్లలు చిన్నా పెద్దా సైజుల్లో బయటపడితే పార్వోవైరస్‌ను అనుమానించాలి. బ్రుసెల్లా, లెప్టోస్పైరా మనుషులకూ సోకుతాయి. గర్భస్రావమై పడిన పిండాలను గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, ఇందులో మొహమాటం పనికిరాదు. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలోకి వచ్చాక జీవభద్రత తెలిసిన మనిషి అవసరం ఇంకా పెరిగింది.

దారులున్నాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా చేస్తే సూపర్‌వైజర్ స్థాయి పనుల్లో అడుగుపెట్టవచ్చు. ఇంటర్ బైపీసీ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ. ఆపై ఎంవీఎస్సీలో గైనకాలజీ తీసుకుంటే పరిశోధనకూ వెళ్లవచ్చు. గువాహటి దగ్గర రాణిలో జాతీయ పంది పరిశోధన కేంద్రం ఉంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ పందులపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం నడిచింది.

సెలవుల్లో ఏదైనా ఫారంలో చేరే అవకాశం వస్తే జీతం గురించి పేచీ పెట్టకండి. పొద్దున్నే మగపందిని ఎదురుగా నిలిపి, ఆడపంది నడుము మీద అరచేతులతో నొక్కండి. చెవులు నిక్కించి కదలకుండా నిలబడితే అది ఎదలో ఉన్నట్టే. ఆ తేదీ, చెవి నంబరు, ఎన్నో ఈత అన్నది అక్కడికక్కడే రాసుకోండి.