‘సంక్షిప్తము’ అను మాటకు ఆంగ్లమున సాటి పదములు

బోయినపల్లి పరిసర గ్రామముల నుండి వచ్చు మా విద్యార్థి యొకరు ఒక నవల యొక్క చిన్న ప్రతిని చదివి, దానిని ‘అబ్రివియేటెడ్ నావెల్’ అని వ్రాసినారు. తప్పు పూర్తిగా అతనిది కాదు. తెలుగున పేరును కుదించినను సంక్షిప్తమే, గ్రంథమును కుదించినను సంక్షిప్తమే. ఉర్దూ మాధ్యమము వారు ఈ చిక్కున అంతగా పడరు. వారికి మొదటిది ‘ముఖఫ్ఫఫ్’, రెండవది ‘తల్ఖీస్’.

‘అబ్రివియేట్’ అనునది సాధారణముగా పదమునకో, పేరునకో చెందినది. మిడ్ మానేరు నీటిని లెక్కించు ‘టి.ఎం.సి.’ని చూడుడు: థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్, అనగా నూరుకోట్ల ఘనపుటడుగులు. కొదురుపాక, వరదవెల్లి వంటి ఊళ్లు ఆ జలాశయమున మునిగినవి. అయినను ఆ మూడక్షరముల పూర్తి రూపమును మేము తరగతిలో అడిగినపుడు చెప్పగలిగినవారు కొద్దిమందియే.

అక్షరములను విడదీయక ఒకే పదముగా పలికిన అది ‘అక్రోనిమ్’. సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘమును మనము ‘సెస్’ అనుచున్నాము గదా. ఒక విధమైన పన్నునకును ఆంగ్లమున అదే పలుకు గలదు. కరెంటు బిల్లును పన్నుగా భావించినవారిని మేమెరుగుదుము!

‘అబ్రిడ్జ్’ కూడ ‘అబ్రివియేట్’ పుట్టిన లాటిన్ మూలము నుండియే, ఫ్రెంచి మీదుగా వచ్చినది. ఒకే తల్లి బిడ్డలైనను నడక వేరు. పుస్తకమును ‘అబ్రిడ్జ్’ చేసిన కథ నిలుచును, నిడివి తగ్గును. హక్కును ‘అబ్రిడ్జ్’ చేసిన తగ్గునది హక్కే. మన రాజ్యాంగపు 13వ అధికరణము రెండవ ఖండమున ఈ పదమున్నది: ప్రాథమిక హక్కులను తీసివేయునట్టి, తగ్గించునట్టి శాసనమును రాజ్యము చేయరాదు. మనవంటి కళాశాలల కాధారమైన 30వ అధికరణమును ఆ భాగములోనిదే. 1967లో గోలక్‌నాథ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, రాజ్యాంగ సవరణ ద్వారా సైతము ఆ హక్కులను ‘అబ్రిడ్జ్’ చేయరాదని ఆరుగురు న్యాయమూర్తుల ఆధిక్యముతో తీర్పు చెప్పినది, ఐదుగురు భేదించిరి. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఆ అభిప్రాయమును మార్చి, మౌలిక స్వరూపమును మాత్రము ముట్టరాదన్నది. ఇచట ‘హక్కులను సంక్షేపించుట’ అని అనువదించిన, సారము చెడలేదను భ్రమ కలుగును. ‘న్యూనపరచుట’ అనుటయే మేలని మా అభిప్రాయము.

‘కర్టెయిల్’ తోక కత్తిరించిన గుఱ్ఱపు పేరు నుండి వచ్చినది. వ్యయము, కాలము, అధికారము, ఇట్టివానికి వాడుదురు. మన ఊరి దాక రావలసిన బస్సును వేములవాడలోనే నిలిపివేసిన సర్వీసు ‘కర్టెయిల్’ అయినట్లే. ‘ట్రంకేట్’ అనగా కొమ్మలు నరికి మొద్దు మిగుల్చుట వంటిది. ‘కండెన్స్’ అన్నచో పాలు మరిగించి కోవా చేయుట. పోవునది నీరు మాత్రమే.

ఉర్దూ ‘ముఖ్తసర్’ మన ‘ముక్తసరి’ అయినది. అచట క్లుప్తత యొక గుణము. ఇచట ‘ముక్తసరిగా మాట్లాడినాడు’ అనిన కొంత నిరాదరణ ధ్వనించును. ‘ఖులాసా’ సంగతి మరింత వింత. ఉర్దూ విద్యార్థికది పాఠ సారాంశము, తెలుగువారింట ‘కులాసాయేనా?’ అనిన క్షేమ సమాచారము.

పరీక్షలలో అడుగు ‘ప్రెసీ’ సొంత మాటలలో వ్రాయవలసిన సారాంశము. ఇచ్చిన భాగములోని మొదటి మూడు వాక్యములను ఎత్తివ్రాసి ముగించిన అది ‘ట్రంకేట్’ చేయుట. దానికి మేము మార్కులు వేయజాలము.