తెల్లచొక్కా ఎందుకు పచ్చబడుతుంది?

తమ్ముళ్లారా! వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమన్నప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను కాబట్టి మీ యూనిఫాం చొక్కా గురించి రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆగస్టు 15 పరేడ్‌లో నన్ను ముందు వరుసలోంచి తీసి వెనక నిలబెట్టారు. చొక్కా పచ్చగా ఉందట. "ఉతుక్కోవడం కూడా రాదా?" అన్నారు. ముందురోజు సాయంత్రమే సగం సబ్బుబిళ్ల అరగదీసి ఉతికిన చొక్కా అది! సెలవులకు ఇంటికెళితే అమ్మ దాన్నే చెరువు నీళ్లలో ఉతికింది. చాలావరకు తెల్లబడింది. అమ్మ చేతిలో ఏదో ఉందనుకున్నాను. డిగ్రీలో గాని అసలు సంగతి తెలియలేదు.

లోతు బోరునీళ్లలో చాలాచోట్ల కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. మీ పాఠంలో ఉన్న కఠినజలం ఇదే. సబ్బు వీటితో కలిస్తే నురగ రాదు, నీళ్లలో కరగని తెట్టె వస్తుంది. ఆ తెట్టె నూలుపోగుల్లో ఇరుక్కుని మురికిని పట్టుకుంటుంది. అందుకే ఎక్కువ సబ్బు రుద్దినకొద్దీ నా చొక్కా ఇంకా మాసింది. అనుమానముంటే సీసాలో నీళ్లు పోసి కాస్త సబ్బు వేసి ఊపి చూడండి. నురగకు బదులు తెల్లటి విరుగుడు తేలితే అవి కఠినజలమే.

దీనికి మందు బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్. వంటసోడా వేరు, పొరబడకండి. బకెట్ గోరువెచ్చని నీళ్లలో రెండు పెద్ద చెంచాలు కలిపితే కాల్షియం కార్బొనేట్‌గా మారి అడుగుకు దిగుతుంది. ఆ తేటనీళ్లలో చొక్కా రాత్రంతా నానబెట్టి, పొద్దున సబ్బు పెట్టండి. మొదటిసారి జాడించే నీళ్లలోనూ చిటికెడు సోడా వేయాలి, లేకపోతే మళ్లీ తెట్టె కడుతుంది. పాత పచ్చదనం ఒక్క ఉతుకుకు పోదు, మూడు నాలుగు పడుతుంది. మన ఊళ్లలో చాకలివాళ్లు చౌడుమట్టి వాడింది కూడా దానిలోని ఈ సోడా కోసమే. వాళ్లకు ఫార్ములా తెలియదు, పని తెలుసు.

నీలిమందు మురికిని తీయదు. పసుపుకు నీలం తోడై కంటికి తెలుపుగా కనిపిస్తుంది, అంతే. అందుకే చివరి జాడింపులో, బాగా కలిపిన నీళ్లలో కొద్దిగానే వేయాలి.

బ్లీచింగ్ పౌడర్‌ను స్కాట్లాండ్‌లో చార్లెస్ టెన్నంట్ 1799లో పేటెంట్ చేశాడు. అంతకుముందు అక్కడ గుడ్డల్ని నెలల తరబడి పొలాల్లో ఎండబెట్టేవారు. మీరు వాడితే పొడిని నేరుగా చల్లకండి, గుడ్డ చిల్లులు పడుతుంది. తేరిన నీటిని బాగా పలచన చేసి, పది నిమిషాలు ఉంచి, బాగా జాడించాలి. బాత్‌రూం కడిగే యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. తుప్పు మరకకు బ్లీచింగ్ వద్దు, మరక ఇంకా ముదురుతుంది. దానికి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టండి.

పోయిన సెలవుల్లో మా తమ్ముడి చొక్కా మీద ఇదంతా చేసి చూశాను. వారం పట్టింది. కాబట్టి పరేడ్ ముందురోజు సాయంత్రం కాదు, ముందు ఆదివారమే సోడాలో వేయండి.