పాసింగ్ గేమ్ కోచ్ కావాలంటే: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చదువుతున్న కుమారుడు కాలేజీ ఫుట్‌బాల్‌లో పాసింగ్ గేమ్ కోచ్ అవుతానంటున్నాడని, హైస్కూల్ దాటాక అతడు ఏ జట్టులోనూ ఆడలేదని, అటువంటివాడికి ఈ వృత్తిలో దారి ఉంటుందా అని టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి అడిగారు.

జవాబు: దారి ఉంది గాని పరీక్ష, పట్టా, నియామకం అనే వరుసలో అది సాగదు. బంతిని పట్టుకుని పరుగెత్తడానికి బదులు గాలిలో ముందుకు విసిరి గజాలు గెలుచుకునే దాడి విధానాన్ని పాసింగ్ గేమ్ అంటారు. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, అందుకునేవారు రిసీవర్లు. ఏ రిసీవర్ ఎన్ని గజాలు పరుగెత్తి ఎటు తిరగాలో ముందే నిర్ణయించిన బాటను రూట్ అంటారు. ప్రత్యర్థి రక్షణ ఏ రూపంలో నిలిచినా ఎవరో ఒకరు ఖాళీగా దొరికేలా ఈ రూట్లను జతచేసి, ఇరవై ఏళ్ల విద్యార్థులు వాటిని ఆట వేడిలో కూడా తప్పకుండా ఆడేటట్లు నేర్పడం ఈ కోచ్ పని. దీనిని తెలివితేటల పోటీగా చూసేవారు ఎక్కువ, కాని ఇది మొదటి నుంచి చివరి వరకు బోధన.

ఈ దారి వరుసగా సాగదనడానికి జో బ్రేడీ ప్రస్థానం మంచి ఉదాహరణ. విలియమ్ అండ్ మేరీ కళాశాల జట్టులో రిసీవర్‌గా ఆడిన బ్రేడీకి 2013లో అక్కడే కోచ్‌గా మొదటి అవకాశం వచ్చినప్పుడు అప్పగించినది పాసింగ్ కాదు; రక్షణ పక్షంలో రెండో వరుసలో నిలిచి దాడిని అడ్డుకునే లైన్‌బ్యాకర్లకు నేర్పే బాధ్యత. తరువాత రెండు సీజన్లు పెన్ స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే పైచదువు చదువుతూ కొద్దిపాటి భత్యం మీద జట్టుకు పనిచేసే సహాయకుడిగా ఉండి, 2017, 2018లలో వృత్తి జట్టయిన న్యూ ఓర్లీన్స్ సెయింట్స్‌లో చిన్న పదవిలో పనిచేసి, 2019లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌గా వచ్చారు. అంతకుముందు సీజన్‌లో 16 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే నేరుగా పాయింట్లు తెచ్చిపెట్టే పాస్‌లు, విసిరిన క్వార్టర్‌బ్యాక్ జో బర్రో ఆ ఏడాది 60 విసిరారు. విసిరిన బంతుల్లో రిసీవర్లకు చేరినవి 57.8 శాతం నుంచి 76.3 శాతానికి పెరిగాయి; జట్టు ఆడిన 15 ఆటలూ గెలిచి జాతీయ ఛాంపియన్‌గా నిలిచింది; దేశంలో ఉత్తమ సహాయ కోచ్‌కు ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు బ్రేడీకి దక్కింది. లోకానికి కనిపించింది ఆ ఒక్క సీజనే. అయితే లైన్‌బ్యాకర్‌కు ఎటు చూడాలో నేర్పినవాడికే అతని చూపును ఎలా మళ్లించాలో తెలుస్తుంది కనుక, దారి తప్పినట్లు కనిపించే ఆ తొలి రెండేళ్లను వృథాగా లెక్కించడం పొరపాటు.

కాలేజీలో ఆడకపోవడం పెద్ద లోటు కాదు. పాసింగ్ ఆటకు కొత్త రూపమిచ్చిన వారిలో ఒకరైన మైక్ లీచ్ కాలేజీ ఫుట్‌బాల్ ఆడనే లేదు. న్యాయశాస్త్ర పట్టా తీసుకుని కూడా కోచింగ్‌నే ఎంచుకుని, 1989 నుంచి అయోవా వెస్లియన్ అనే చిన్న కళాశాలలో హాల్ మమ్మీ వద్ద పనిచేసి, 2000లో టెక్సస్ టెక్ ప్రధాన కోచ్ అయ్యారు. ఆ టెక్సస్ టెక్‌లోనే స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరిన లింకన్ రైలీ ఆట వదిలి విద్యార్థి సహాయకుడిగా మారి, 2017లో ఓక్లహోమా ప్రధాన కోచ్ స్థాయికి చేరారు. కనుక ఆ అబ్బాయి డిగ్రీ మానకుండానే తన విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ కార్యాలయానికి వెళ్లి, విద్యార్థి సహాయకుడిగా ఏ పని ఇచ్చినా చేస్తానని అడగాలి.

ఇచ్చే పని బహుశా వీడియోది అవుతుంది. పది గజాలు సాధించడానికి దాడి పక్షానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి; ప్రత్యర్థి ఆడిన పాత ఆటలను ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ అది ఎన్నో ప్రయత్నమో, ఎన్ని గజాలు మిగిలాయో, బంతి మైదానంలో ఏ పక్కన ఉందో, అందరికన్నా వెనుక కాపుకాసే సేఫ్టీలు ఎక్కడ నిలిచారో నమోదు చేయాలి. మూడో ప్రయత్నంలో ఏడు గజాలు కావలసిన ముక్కలన్నీ ఒకచోట పేర్చి చూసినప్పుడు, వెనుక జంటగా నిలిచిన సేఫ్టీల్లో ఒకడు బంతి కదలడానికి క్షణం ముందే ఒక అడుగు కిందికి దిగుతున్నాడని తేలవచ్చు. ఆ అడుగు కోసమే రాత్రులు గడిచిపోతాయి. కనిపెట్టినదాన్ని మరునాడు రిసీవర్‌కు రెండు వాక్యాల్లో అర్థమయ్యేలా చెప్పగలిగినవాడు పైకి వస్తాడు, చెప్పలేనివాడు ఎంత లోతుగా చూసినా వీడియో గదిలోనే మిగిలిపోతాడు. కంప్యూటర్ చదువు మొదటి పనికి ఉపయోగపడుతుంది, రెండోదానికి పడదు. కుమారుడికి ఎదుటివారికి నేర్పడంలో ఓపిక ఉందా లేదా అన్నది ఆ తండ్రి గమనించవలసిన విషయం.

ప్రశ్న: పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్‌కూ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌కూ భేదమేమిటని హ్యూస్టన్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు.

జవాబు: ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌ది దాడి మొత్తానికీ బాధ్యత, సాధారణంగా ఆట సాగుతుండగా ఏ ఎత్తు వేయాలో చెప్పేదీ అతడే. పాసింగ్ గేమ్ కోఆర్డినేటర్ విసిరే భాగానికి రూపమిస్తూ, చాలాచోట్ల రిసీవర్లనో క్వార్టర్‌బ్యాక్‌లనో కూడా చూసుకుంటాడు. 2019 లూసియానా స్టేట్ జట్టుకు ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్. ఘనతంతా బ్రేడీకే కట్టబెట్టే వ్యాసాలు ఆయనకు అన్యాయం చేశాయి.

ప్రశ్న: ఆన్‌లైన్ కోచింగ్ సర్టిఫికెట్ సరిపోతుందా అని ఎడిసన్ నుంచి ఒక యువకుడు అడిగారు.

జవాబు: సరిపోదు, దగ్గరలోని హైస్కూల్ జట్టులో ఒక సీజన్ రిసీవర్లకు నేర్పడం మేలు.

ప్రశ్న: అమెరికాలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా ఉన్న అబ్బాయి సంబంధం వచ్చిందని, ఆ ఉద్యోగంలో స్థిరత్వం ఉంటుందా అని గుంటూరు నుంచి ఒక తల్లి అడిగారు.

జవాబు: ఆమె కోరుకునే అర్థంలో ఉండదు. ప్రధాన కోచ్‌ను తొలగిస్తే సహాయకులు కూడా తరచూ అతని వెంటే వెళ్లిపోవలసి వస్తుంది, నియామకాలు ఎక్కువగా సీజన్ ముగిసే చలికాలంలో జరుగుతాయి, కుటుంబం మరో రాష్ట్రానికి మకాం మార్చవలసి రావడం మామూలే. 2020లో కరోలినా పాంథర్స్ అనే వృత్తి జట్టుకు ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా వెళ్లిన బ్రేడీని 2021 డిసెంబరులో, సీజన్ ముగియకముందే తొలగించారు. 2022లో బఫెలో బిల్స్‌లో క్వార్టర్‌బ్యాక్‌ల కోచ్‌గా ఒక మెట్టు కింద మళ్లీ మొదలుపెట్టి, 2023 నవంబరులో తాత్కాలికంగా, 2024లో పూర్తిస్థాయిలో ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యారు. కాబట్టి తొలగింపును అవమానంగా చూసే ఇంటికి ఈ సంబంధం తగదు. కొంత ఊరట ఏమంటే, ప్రధాన కోచ్‌తో పాటు పదిమంది సహాయ కోచ్‌లే మైదానంలో నేర్పవచ్చునన్న పరిమితిని కాలేజీ ఫుట్‌బాల్‌లోని పెద్ద జట్ల విభాగంలో 2024లో సడలించారు కనుక, ఇంతకాలం వీడియో గదికి పరిమితమైన కింది ఉద్యోగులకు కూడా ఆటగాళ్లకు నేర్పే అవకాశం ముందుగానే వస్తున్నది. పెళ్లిచూపుల్లో జీతం అడిగేముందు, అమ్మాయి తన ఉద్యోగాన్ని ఏ ఊరి నుంచైనా చేసుకోగలదా, ఆగస్టు నుంచి డిసెంబరు వరకు అబ్బాయి ఇంటికి ఏ వేళకు చేరతాడు అన్న రెండు విషయాలను వారిద్దరినీ నేరుగా మాట్లాడుకోనివ్వాలి.