మొదటి లారీ చేతికొచ్చినప్పుడు

అనంతపురం జిల్లా విడపనకల్లు మండలంలో తుంగభద్ర ఎగువ కాలువ (హెచ్చెల్సీ) నీళ్లు అందిన చోట మిరప పండుతుంది. అందని చోట వేరుశనగ విత్తి మబ్బు కోసం చూస్తారు. పండిన మిరప గుంటూరు యార్డుకో, కర్ణాటకలోని బ్యాడిగికో చేరాలంటే లారీ కావాలి. తోరణగల్లు ఉక్కుకైనా తాడిపత్రి సిమెంటుకైనా అంతే. అందుకే వాన మొహం చాటేసిన ఏడాది కూడా ఇక్కడి యువకులకు స్టీరింగ్ అన్నం పెడుతోంది.

హెవీ లైసెన్సుకు 20 ఏళ్లు నిండాలి, అప్పటికే ఏడాది పాతదైన తేలికపాటి వాహనాల (ఎల్‌ఎంవీ) లైసెన్సు ఉండాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న నిబంధనను 2019లో తీసేశారు. ఇదంతా ఆర్టీవో ఆఫీసులో తెలిసేదే. అక్కడ ఎవరూ చెప్పనిది, ఓనరు తాళాలు చేతికిచ్చాక ఏం చేయాలన్నది.

తాళాలు తీసుకోగానే లోడుకు పరిగెత్తకండి. పగటి వెలుగులో బండి చుట్టూ తిరగండి. టైర్ల పక్కగోడల మీద కోతలు, అద్దం పగుళ్లు, వెలగని లైట్లు ఫోటో తీయండి. స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్, తాళ్లు, టార్పాలిన్ ఎన్ని ఉన్నాయో, ఏ స్థితిలో ఉన్నాయో రాసి అదే రోజు ఓనరుకు వాట్సాప్‌లో పంపండి. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ పత్రాల గడువు తేదీలు స్వయంగా చూసుకోండి. ‘‘నీకిచ్చినప్పుడు బాగానే ఉండె గదప్పా’’ అన్న మాట నెల తర్వాత వినకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి.

తర్వాత ఎయిర్ బ్రేకులు. ఇంజన్ స్టార్ట్ చేసి గాలి పూర్తిగా నిండనివ్వండి. ఆపేసి గాలి మీటరు ముల్లు మీద కన్నేయండి. గబగబా పడిపోతుంటే ఎక్కడో లీకుంది. చప్పుడు లేని చోట చెవి పెడితే బుస్సుమని వినిపిస్తుంది కూడా. గాలి ట్యాంకు కింద ఉండే వాల్వు లాగి నీళ్లు వదలండి. కాసిని నీళ్లు రావడం మామూలే. నీళ్లతోపాటు నల్లటి ఆయిల్ వస్తే మాత్రం కంప్రెసర్‌ను మెకానిక్‌కు చూపించాలి. ఈ పనికి పది నిమిషాలు పట్టదు. నా దృష్టిలో కొత్త డ్రైవరు నేర్వాల్సిన మొదటి విద్య ఇదే.

బీఎస్-6 బండిలో డీజిల్‌తోపాటు, పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ ద్రవం కూడా చూసుకోవాలి. అది అయిపోతే ఇంజన్ లాగదు. పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇక మైలేజీ. డీజిల్ లెక్క తేడా వస్తే జీతంలో, బత్తాలో కోసే ఓనర్లున్నారు. మొదటి ట్రిప్పుకు ట్యాంకు నిండా పోయించి, తిరిగొచ్చాక మళ్లీ నింపి, లోడుతో ఎంత, ఖాళీగా ఎంత ఇస్తోందో ఇద్దరూ ఒప్పుకునేలా రాసుకోండి. బత్తా ఎంతో, పంచరు ఖర్చు ఎవరిదో బండి కదలకముందే తేల్చుకోండి. మొహమాటం వద్దు.

పది టైర్ల లారీకి బండి బరువుతో కలిపి 28.5 టన్నులే పరిమితి. దాటితే జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకు 2,000. మిర్చితో వచ్చే చిక్కు వేరు. టిక్కీలు (మిర్చి బస్తాలు) తేలిక, కాబట్టి ఎత్తుగా పేరుస్తారు. కాటాలో బరువు సరిపోయినా మలుపులో బండి ఒరుగుతుంది. గుంటూరు దారిలో నంద్యాల దాటాక గిద్దలూరు వైపు నల్లమల ఘాట్ ఉంది. అక్కడ దిగువకు వెళ్లేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేయకండి. చిన్న గేరులో ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకుని దిగండి. ఎడతెగకుండా బ్రేకు తొక్కితే డ్రమ్ములు కాలి, అవసరమైన మలుపులో బ్రేకు పట్టదు.

2025 వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలే పని అంది, 5 గంటలకు ఒకసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. రోడ్డు మీద ఇలాంటి హద్దును ఎవరూ గుర్తుచేయరు, మీరే పట్టుబట్టాలి. రెప్పలు వాలుతుంటే టీ మీద నమ్మకం పెట్టుకోకండి. పెట్రోలు బంకులో బండి ఆపి, ఓనరుకు ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి పడుకోండి.