పాలిచ్చేటప్పుడు నొప్పా? బిడ్డను పట్టుకునే తీరు మార్చి చూడండి

బాలింతలకు, వాళ్ల ఇంటివాళ్లకు
అచ్చంపేట, అమ్రాబాద్, పదర, లింగాల, బల్మూర్, ఉప్పునుంతల మండలాలు

అమ్మా,

దవాఖానలో ఉన్నన్ని రోజులు పక్కన నర్సమ్మ ఉంటుంది. బిడ్డ నోరు పట్టకపోతే పిలిస్తే వస్తుంది. అసలు కష్టం ఇంటికి వచ్చాకే మొదలవుతుంది. మూడో రోజుకో నాలుగో రోజుకో పాలు దిగి రొమ్ములు రాయిలెక్క గట్టిపడతాయి, చనుమొన మంట పుడుతుంది, బిడ్డ నోరు పెట్టగానే ప్రాణం పోయినట్టు అనిపిస్తుంది. అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తుంటే ఇంట్లో ఎవరో ఒకరు "దీనికి పాలు సాలుత లేవు, డబ్బా పాలు తేండి" అంటారు. చాలామంది తల్లుల పాలు ఆగిపోయేది అట్లనే. పాలు లేక కాదు, నొప్పికి తాళలేక.

ఈ నొప్పిలో ఎక్కువ భాగం బిడ్డను పట్టుకునే తీరు వల్ల వచ్చేదే. మొదటి రెండు మూడు రోజులు బిడ్డ పట్టగానే కొద్దిసేపు గుంజినట్టు ఉండటం మామూలే. పాలు తాగినంత సేపూ నొప్పి ఉన్నా, మొన పగిలి రక్తం కారినా అది మామూలు కాదు. ఓర్చుకోకండి, తీరు మార్చండి.

మన దగ్గర ఇది ఇంకా ఎందుకు ముఖ్యమంటే, 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు పెద్దాపరేషన్‌తోనే అయ్యాయి. కడుపు మీద కుట్లున్న తల్లిని "బాసంపట్ల వేసుకొని ఒళ్లో పెట్టుకొని ఇయ్యి" అంటే ఎట్ల ఇస్తుంది? పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు నూటికి 40 మంది కూడా లేరని అదే సర్వేలో తేలింది. ఆపరేషన్ అయినా తల్లికి తెలివి రాగానే, ఎవరైనా సాయం పట్టుకుంటే పాలివ్వవచ్చు. చిక్కగా, పసుపురంగులో వచ్చే ముర్రుపాలు ఒక్క చుక్క కూడా పిండి పారబోయొద్దు. మొదటి రోజు బిడ్డ కడుపు పట్టేది చెంచాడు పాలే, కాబట్టి ఆ కొద్దిపాటి పాలే చాలు.

ముందు మీరు కుదురుగా కూర్చోండి

మంచం అంచు మీద వేలాడుతూ కూర్చుని, నడుము వంచి, రొమ్మును బిడ్డ నోటికి అందించడం అందరూ చేసే పని. వీపు నొప్పి, మెడ నొప్పి అక్కడి నుంచే వస్తాయి. రొమ్ము బిడ్డ దగ్గరికి పోవొద్దు, బిడ్డే రొమ్ము దగ్గరికి రావాలి. గోడకు ఆనుకొని కూర్చోండి, నడుము వెనక మెత్త పెట్టుకోండి. ఒడిలో ఇంకో మెత్తో, మడిచిన బొంతో వేసుకుంటే బిడ్డ మీ రొమ్ము ఎత్తుకు వస్తుంది, చేతులకు బరువు తగ్గుతుంది. కుర్చీలో కూర్చుంటే కాళ్ల కింద పీట వేసుకోండి. మన పెద్దవాళ్లు బాలింతను పీట మీద, గోడకు ఆనించి కూర్చోబెట్టేవాళ్లు. వాళ్లు చెప్పిన వాటిలో కొన్ని వదిలేయాలి గానీ ఇది మాత్రం వదలొద్దు.

బిడ్డను ఎట్ల పట్టుకున్నా నాలుగు సంగతులు చూసుకోండి. తల, మెడ, ఒళ్లు ఒకే వరసలో ఉండాలి. మెడ తిప్పి తాగమంటే మనమైనా గుటక వేయలేం. బిడ్డ పొట్ట మీ ఒంటికి ఆని ఉండాలి. ముక్కు చనుమొనకు ఎదురుగా రావాలి. తల ఒక్కటే కాదు, పిర్రల దాకా ఒళ్లంతా మీ చేతి మీద ఆనాలి.

చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకించండి. ఆవులించినట్టు నోరు పెద్దగా తెరిచేదాకా ఆగండి. తెరవగానే బిడ్డను దగ్గరికి తీసుకోండి. మొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగంలో కింది వైపు ఎక్కువగా నోట్లోకి పోవాలి. కింది పెదవి బయటికి మడిచినట్టు ఉండి, గడ్డం రొమ్ముకు తగిలి, బుగ్గలు ఉబ్బి, గుటక గుటక శబ్దం వినిపిస్తే సరిగ్గా పట్టినట్టే. బుగ్గలు లోపలికి పోయి చప్ చప్ మని చప్పుడైతే మొన మీదే చీకుతున్నాడన్నమాట. అప్పుడు గుంజి తీయకండి, మొన చీలుతుంది. మీ చిటికెన వేలు శుభ్రంగా కడుక్కొని బిడ్డ నోటి మూలలో పెట్టండి, పట్టు వదులుతుంది. మళ్లీ పట్టించండి. నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు పెట్టినా తప్పు లేదు.

కుట్లున్న తల్లికి: చంక కింద పట్టు

బిందెను చంకన పెట్టుకున్నట్టు బిడ్డను మీ పక్కకు తీసుకోండి. పక్కన రెండు మెత్తలు వేసి వాటి మీద బిడ్డను పెట్టండి. కాళ్లు మీ వీపు వైపు, ముఖం రొమ్ము వైపు ఉండాలి. మీ అరచేయి బిడ్డ మెడ, భుజాల కింద ఉండాలి. తల వెనక నుంచి నొక్కొద్దు, నొక్కితే బిడ్డ వెనక్కి విరుచుకుంటుంది. ఈ పట్టులో బిడ్డ కాలు కుట్లకు తగలదు. కవలలున్నా, రొమ్ములు పెద్దగా ఉన్నా, బిడ్డ తక్కువ బరువుతో పుట్టినా ఇదే సులువు. మొదట్లో ఎవరైనా బిడ్డను అందించాలి. ఆ పని బిడ్డ తండ్రి చేయొచ్చు, సిగ్గు పడాల్సింది ఏమీ లేదు.

మామూలు కాన్పు అయిన తల్లికి ఎక్కువగా అలవాటయ్యేది ఒడి పట్టు. కుడి రొమ్ము ఇస్తుంటే బిడ్డ తల కుడి మోచేతి వంపులో ఉంటుంది. చాలా చిన్న బిడ్డకు దీన్నే తిప్పి పట్టండి: కుడి రొమ్ము ఇస్తూ ఎడమ చేత్తో బిడ్డ మెడను పట్టుకోండి, కుడి చేయి రొమ్మును ఆదుకుంటుంది. అప్పుడు తల ఎటు పోతుందో మీ చేతిలో ఉంటుంది.

పడుకొని ఇవ్వొచ్చా?

"పండుకొని పాలిస్తే చెవిల చీము పడ్తది" అని ఇంట్లో అంటారు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి సీసాతో పాలు పోస్తే పాలు చెవి వైపు పోయే అవకాశం ఉంది. తల్లి పక్కకు తిరిగి, బిడ్డను కూడా తన వైపు తిప్పుకొని రొమ్ము ఇస్తే ఆ భయం లేదు. కుట్ల నొప్పితో లేవలేని తల్లికి, రాత్రిపూట నాలుగైదుసార్లు లేవాల్సిన తల్లికి ఇది పెద్ద ఆసరా. మీ తల కింద మెత్త, వీపు వెనక మెత్త పెట్టుకోండి. బిడ్డ వీపుకు చుట్టిన తువ్వాలు ఆనించండి.

కానీ నులక మంచం మీద వద్దు. మధ్యలో కుంగుతుంది, బిడ్డ మీ కిందికి దొర్లుతుంది, ముక్కు మూసుకుపోతుంది. కింద చాప వేసి, గట్టి పరుపు మీద పడుకోండి. పాలు తాగడం అయ్యాక ఆ తువ్వాలు, మెత్తలు తీసేసి బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. కల్లు గానీ మందు గానీ తాగినవాళ్లు ఆ పక్కలో పడుకోకూడదు.

ఆశ అక్కను ఊరికే పంపించకండి

ఆశ కార్యకర్త మీ ఇంటికి రావడం మొహమాటానికి కాదు, పథకంలో ఉన్న మీ హక్కు. దవాఖానలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మొత్తం ఆరుసార్లు వస్తుంది. దీనికి పైసా ఇవ్వక్కర్లేదు. చాలా ఇళ్లలో "మంచిగనే ఉన్నం అక్కా" అని గడప దగ్గరే మాట్లాడి పంపిస్తారు. అట్ల చేయకండి. లోపలికి పిలిచి, ఆమె ముందరే బిడ్డకు పాలు పట్టి చూపించండి. మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చూస్తే ఎక్కడ తప్పుతుందో ఆమెకు తెలుస్తుంది. నోటితో చెప్పిస్తే తెలియదు. దవాఖాన నుంచి వచ్చాక 3వ రోజు, 7వ రోజు రాకడే అన్నిటికన్నా అవసరం. ఆమె రాకపోతే ఏఎన్‌ఎంకు చెప్పండి. లోపలి పెంటల్లో ఉండే చెంచు తల్లులకు కూడా ఇదే వర్తిస్తుంది.

పాలు సరిపోతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పలేం. మూత్రాన్ని బట్టి చెప్పొచ్చు. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో పోస్తే పాలు చాలుతున్నట్టు. పగలు, రాత్రి కలిపి 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. మొదటి వారంలో బిడ్డ బరువు కాస్త తగ్గుతుంది, రెండు వారాల్లోపు మళ్లీ వస్తుంది. ఆరు నెలలు నిండేదాకా ఎండాకాలంలో కూడా నీళ్లు, తేనె, చక్కెర నీళ్లు వద్దు.

తల్లి తిండి మాట. "నీళ్లు తాగితే కుట్లు చీము పడ్తయ్" అన్నది ఒట్టి మాట. దప్పిక అయినంత తాగండి. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా బాలింతకు అంగన్‌వాడీలో రోజూ ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉన్నాయి. ఐరన్ మాత్రలు కూడా ఆరు నెలలు వేసుకోవాలి.

రొమ్ము గట్టిపడి బిడ్డ పట్టలేకపోతే, ముందు చేత్తో కొన్ని పాలు పిండండి. నల్లటి భాగం మెత్తబడ్డాక పట్టించండి. పిండిన పాలు శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు, సీసా వద్దు. మొన పగిలితే పాలిచ్చాక చివరి చుక్కలు రాసి గాలికి ఆరనివ్వండి. నొప్పి తక్కువున్న వైపు నుంచి మొదలుపెట్టండి.

రొమ్ములో ఒక చోట ఎర్రబడి, గడ్డ కట్టి, చలిజ్వరం వస్తే ఇంట్లో కాపడాలు పెడుతూ కూర్చోకుండా అదే రోజు దగ్గరి సర్కారు దవాఖానకు పోండి. ఆ రొమ్ము పాలు ఆపక్కర్లేదు, ఆపితే గడ్డ పెరుగుతుంది. బిడ్డ పాలు పట్టకుండా మత్తుగా పడి ఉన్నా, ఒళ్లు చల్లబడినా, కాలిపోతున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా ఆశ అక్క వచ్చే రోజు దాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. దారిలో బిడ్డను మీ ఎదకు ఆనించి, కొంగు కప్పి తీసుకెళ్లండి.