బాధితుడి పక్షాన నిలబడే లాయర్లు ఏరీ?

ఇంజినీరింగ్ సీటు రాకపోతే లా చదివిద్దాం అనుకునే రోజులు మారాయి. ఇప్పుడు ఇళ్లలో వినిపించేది మరో మాట. పిల్లవాడు లా ప్రవేశపరీక్ష క్లాట్ రాయాలి, షామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో చేరాలి, ఐదేళ్లు తిరిగేసరికి గచ్చిబౌలిలో ఏదో ఒక బహుళజాతి కంపెనీ లీగల్ విభాగంలో పెద్ద ప్యాకేజీతో కూర్చోవాలి. అది కుదరకపోతే లా చదివి లాభం లేదట. పాత చిన్నచూపులోనూ కొత్త మోజులోనూ లోపం ఒకటే. లాయరు అవసరం నిజంగా ఎవరికుందన్న ఆలోచన రెండింటిలోనూ లేదు. ఆ ఆలోచన చేస్తే హైటెక్ సిటీకి గంట ప్రయాణంలోనే జవాబు దొరుకుతుంది.

2025 జూన్ 30న పటాన్‌చెరు దగ్గరి పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో పేలుడు జరిగి యాభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన వలస కార్మికులు. కొందరి శరీరాలు కూడా దొరకలేదు. మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటన పత్రికల్లో పతాక శీర్షిక అయింది. అయితే ఇలాంటి ప్రమాదాల్లో అసలు పని ప్రకటన తర్వాతే మొదలవుతుంది. శరీరం దొరకని మనిషికి మరణ ధ్రువీకరణ ఎలా తేవాలి? కాంట్రాక్టరు దగ్గరున్న హాజరు పట్టీని ఎవరు రప్పించాలి? ఈఎస్‌ఐ బీమా ఉందో లేదో ఎవరు తేల్చాలి? ఉంటే కుటుంబానికి వచ్చేది నెలవారీ పింఛను, లేకపోతే కార్మిక పరిహార కమిషనర్ ముందు దావా. రెండూ వేర్వేరు దారులు. ఈ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం లెక్క ప్రకారం మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. పాతికేళ్లవాడికి ఆ అంకె 216.91. జీతం ఎంతున్నా లెక్కలోకి 15,000 వరకే తీసుకుంటారు కాబట్టి మొత్తం 16 లక్షల పైచిలుకు. నెల రోజుల్లో చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకుండా జాప్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా. ఈ వడ్డీని, జరిమానాను అడిగి తీసుకోవచ్చన్న సంగతి తెలియక వదిలేసుకునే కుటుంబాలకు లాయరు కావాలి.

అదే సమయంలో మన ఐటీ కారిడార్‌లోని కొన్ని ఔట్‌సోర్సింగ్ ఆఫీసుల్లో అమెరికా లాయర్ల కోసం అక్కడి బాధితుల వైద్య రికార్డులు చదివి సారాంశాలు రాసే పని జరుగుతోంది. ఆస్‌బెస్టాస్ పీల్చి జబ్బుపడిన వాళ్ల కేసులు, మందులు వికటించిన కేసులు అలాంటివే. అది గౌరవప్రదమైన ఉద్యోగమే, నేను తప్పుపట్టను. ఏ రసాయనం ఏ అవయవాన్ని దెబ్బతీస్తుందో, ఆస్పత్రి కాగితాల్లో ఆ ఆధారం ఎక్కడుంటుందో పట్టుకోగల నైపుణ్యం మన పిల్లలకు ఉందని దానివల్ల రుజువవుతోంది. ఆ నైపుణ్యం పటాన్‌చెరుకు ఎందుకు అందడం లేదన్నదే నా బాధ. 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన పటాన్‌చెరు కాలుష్యం కేసు హైకోర్టుకు, అక్కడి నుంచి గ్రీన్ ట్రైబ్యునల్‌కు చేరి 2017లో గానీ తీర్పు దాకా రాలేదు. ఇరవై ఏడేళ్లు ఒక కేసును మోయాలంటే తరం మారే కొద్దీ కొత్త లాయర్లు అందిపుచ్చుకోవాలి.

పేదల కేసులు చేస్తే ఇల్లు గడుస్తుందా అని తల్లిదండ్రులు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలోలా పరిహారంలో వాటా తీసుకోవడం ఇక్కడ కుదరదు, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. లీగల్ సర్వీసెస్ అథారిటీ ప్యానెల్ లాయర్లకు ఇచ్చే ఫీజు తక్కువ. సీనియర్లు నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది గానీ అది సూచన మాత్రమే. కాబట్టి మొదటి మూడేళ్లు ఇంటి ఆసరా కావాలి. ఆ తర్వాత మోటారు ప్రమాదాల క్లెయిములు, వినియోగదారుల కమిషన్‌లో ఆస్పత్రుల నిర్లక్ష్యం కేసులు, కార్మిక వివాదాల పని కలిస్తే ప్రాక్టీసు నిలబడుతుంది. రాజీనామా చేయమని ఒత్తిడి ఎదుర్కొంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులూ సలహాకు ఫీజు ఇచ్చి వస్తారు. కోచింగ్ హాస్టళ్లకు, విదేశీ ఎమ్మెస్‌కు అప్పు చేసి లక్షలు కుమ్మరించే ఇల్లు ఈ మూడేళ్లకు వెనకాడటం నాకు మింగుడుపడదు.

డబ్బు గుంజే చోట్లు వేరే ఉన్నాయి. ఎనిమిదో తరగతి నుంచే క్లాట్ ఫౌండేషన్ అంటూ పిల్లల సాయంత్రాలు లాగేసుకునే కోచింగ్‌లను నమ్మకండి. క్లాట్ ప్రధానంగా చదివి అర్థం చేసుకునే శక్తిని చూస్తుంది. అది రోజూ పత్రిక చదివితే వస్తుంది, పిల్లవాడి మీద అరిస్తే రాదు. తరగతులకు రానక్కర్లేదు, డిగ్రీ మేం చూసుకుంటాం అనే కాలేజీలు ఇంకా ప్రమాదం. ఎల్‌ఎల్‌బీకి హాజరు తప్పనిసరి. ఉద్యోగం చేస్తూ లాయరుగా నమోదు కావచ్చని ఐటీ ఉద్యోగులకు చెప్పే మాటా అబద్ధమే. పూర్తికాల జీతం ఉద్యోగంలో ఉండగా ప్రాక్టీసు చేయకూడదు. నమోదు రుసుము విషయంలోనూ జాగ్రత్త. చట్టంలో ఉన్న 750 రూపాయలకు (ఎస్సీ, ఎస్టీలకు 125) మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సు, రాష్ట్ర విశ్వవిద్యాలయాల కాలేజీల్లో రెండింటికీ లాసెట్ ప్రవేశపరీక్ష. నన్నడిగితే ఉస్మానియా పరిధిలోని మంచి కాలేజీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఈ దారికి చాలు. కెమిస్ట్రీ, ఫార్మసీ, నర్సింగ్ చదివినవాళ్లు వస్తే మరీ మంచిది, కర్మాగారం భాష వాళ్లకు ముందే తెలుసు. పైన చెప్పిన 1923 చట్టంతో సహా పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల మీద ముప్పై ఏళ్లు వాదించిన సీనియర్ కూడా ఇప్పుడు కొత్త సెక్షన్లు చదవాల్సిందే. కొత్తవాళ్లకు ఇంత అనువైన సమయం తరచూ రాదు. సెలవుల్లో సంగారెడ్డి జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీలో ఇంటర్న్‌షిప్ అడగండి. పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక విపత్తుల బాధితులకు అక్కడ ఉచిత న్యాయ సహాయం హక్కు. వచ్చేవాళ్లతో మాట్లాడటానికి తెలుగుతో పాటు హిందీ, వీలైతే కాస్త ఒడియా నేర్చుకుని వెళ్లండి.